తాపీ తీరాన కలం కొలువు

డ్యూటీ మీద సూరత్‌కు వెళ్తున్నామని తెలియగానే మా విభాగంలో ముగ్గురు మిత్రులు మూడు జాబితాలు తెచ్చి ఇచ్చారు. మొదటిది చీరల జాబితా. రెండవది జరీ అంచుల కొలతలు. మూడవది మిఠాయిల పట్టిక. నాలుగవ కాగితం ఈ పత్రిక సంపాదకవర్గం వారిది. ఈసారైనా ఏదో ఒకటి వ్రాసి పంపవలసిందని అందులో ఉన్నది. ఇటువంటి కాగితాలు మాకు ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నాయి. మేము ఇస్తూ వచ్చిన సమాధానం కూడా ఒక్కటే: ఉద్యోగంతో తీరిక దొరకడం లేదు. ఆ మాట నిజమా, సాకా అన్నది ఆలోచించవలసిన అవసరం మాకు సూరత్ వెళ్ళేవరకు కలుగలేదు.

విజయవాడలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వరంగల్, బల్హర్షా, భుసావల్ మీదుగా సుమారు ఒక రోజు ప్రయాణం. భుసావల్ దాటిన తరువాత రైలు చాలా దూరం తాపీ నది లోయ వెంటే పడమరకు సాగుతుంది. మన భాషలో తాపీ అంటే నిదానం. ఆ పేరు గల నది ఒడ్డున ఉన్న ఊరిలో మాత్రం నిదానంగా నడిచే మనిషి కనబడడు. మధ్యప్రదేశ్‌లోని బైతూల్ జిల్లా ముల్తాయి వద్ద పుట్టిన ఈ నది సూరత్‌ను ఒరుసుకుంటూ వెళ్ళి అరేబియా సముద్రంలో కలుస్తుంది. మేము గోదావరి గట్టున పెరిగినవారం. తూర్పుకు పారే నదిని చూసి అలవాటైన కళ్ళకు పడమటి దిక్కుగా పారే నది మొదట కొంత వింతగా తోచింది.

మా పని హజీరా పారిశ్రామిక ప్రాంతంలో. అక్కడి ఒక కర్మాగారంలో వార్షిక మరమ్మతుల నిమిత్తం కంప్రెసర్లు విప్పి బిగించే కార్యక్రమం మూడు వారాలు సాగింది. రెండవ వారంలో మా శ్రీమతి కూడా వచ్చి చేరింది. ఆదివారాలు రెండు, పని ముందుగా ముగియడంతో దొరికిన రోజు ఒకటి, మొత్తం మూడు రోజులు మాకు ఊరు చూసే అవకాశం కలిగింది. సూరత్ అనగానే అందరూ చెప్పే విషయాలు మాకూ తెలుసు. మొగలాయీల కాలంలో ఇది మక్కా యాత్రికుల ఓడలు బయలుదేరే రేవు. ఆంగ్లేయులు ఈ దేశంలో మొదట వర్తకశాల పెట్టుకున్న ఊళ్ళలో ఇదొకటి. 1664లో శివాజీ సేనలు ఈ నగరాన్ని కొల్లగొట్టాయి. 1907లో జాతీయ కాంగ్రెస్ మితవాదులుగా, అతివాదులుగా చీలిపోయింది ఇక్కడే. 1994లో ప్లేగు భయంతో వార్తలకెక్కినది, ఆ తరువాత పరిశుభ్రతకు పేరు తెచ్చుకున్నది ఈ ఊరే. భోజనం సూరత్‌లో, మరణం కాశీలో అని గుజరాతీలు సామెతగా చెప్పుకుంటారు. అయితే ఇది కలం పట్టినవారి ఊరు కూడా అన్న సంగతి మాకు అంతవరకు తెలియదు.

ఆ సంగతి చెప్పినవారు మాతో కలిసి పనిచేసిన ఒక గుజరాతీ సహోద్యోగి. మొదటి ఆదివారం చీరల బజారుకు దారి అడిగాము. ఆయన నవ్వి, "చీరలు సాయంత్రం కూడా దొరుకుతాయి భాయీ, ముందు మా కవిగారి ఇల్లు చూడండి" అని స్వయంగా వెంటబెట్టుకొని వెళ్ళారు.

పాత నగరంలో గోపీపురా ప్రాంతం. అక్కడి ఇళ్ళకు వీథి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. ఆమ్లీరాన్ అనే వీథిలో కవి నర్మద్ నివసించిన ఇల్లు ఉన్నది. ఆయన దానికి సరస్వతీ మందిర్ అని పేరు పెట్టుకున్నారు. నగరపాలక సంస్థ వారు ఆ ఇంటిని స్మారకంగా సంరక్షిస్తున్నారు. ఊరిలోని విశ్వవిద్యాలయానికి 2004 నుండి ఆయన పేరే. ఘోడ్‌దోడ్ రోడ్డులోని కేంద్ర గ్రంథాలయానికీ ఆయన పేరే. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 24ను గుజరాతీలు విశ్వ గుజరాతీ భాషా దినంగా జరుపుకుంటారు. మరి అయిదు రోజులకు, ఆగస్టు 29న, గిడుగు వారి జయంతి నాడు మన తెలుగు భాషా దినోత్సవం. ఈ రెండు పండుగలూ ఒకే వారంలో వస్తాయన్న సంగతి మాకూ, మమ్మల్ని తీసుకువెళ్ళిన మిత్రునికీ కూడా అప్పటివరకు తెలియదు.

నర్మద్ పూర్తి పేరు నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే. 1833లో సూరత్‌లో జన్మించారు. తండ్రి బొంబాయిలో లేఖకుడు, అంటే ఇతరుల వ్రాతలకు ప్రతులు వ్రాసి జీవించేవారు. కుమారుడు బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయంలో చదువుకున్నాడు. 1851లో, నిండా ఇరవై ఏళ్ళు రాకముందే, మనుషులు సంఘంగా కూడితే కలిగే ప్రయోజనాలను గురించి ఒక ఉపన్యాసం వ్రాశాడు. గుజరాతీ వచనంలో వ్యాస ప్రక్రియకు దానినే ఆరంభంగా చెబుతారు. తరువాత పొట్టకూటికి బడిపంతులు అయ్యాడు. తాపీ నదికి ఆవలి ఒడ్డున ఉన్న రాందేర్‌లో కొంతకాలం పనిచేశాడు. 1858లో బొంబాయిలో ఉపాధ్యాయుడుగా ఉండగా నవంబరు 23వ తేదీన ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. ఇకపై కలాన్నే నమ్ముకొని బ్రతకాలని ఆయన నిశ్చయం. అప్పటికి వయస్సు ఇరవై అయిదు. భార్య, బాధ్యతలు ఉన్నవాడు. పుస్తకాలు కొని చదివేవారు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మందే ఉన్న కాలమది.

ఆ పైన ఆయన చేసిన పని వింటే ఆశ్చర్యం కలుగుతుంది. 1864 సెప్టెంబరులో మిత్రులతో కలిసి 'డాండియో' అనే పక్షపత్రిక ప్రారంభించారు. డాండియో అంటే కర్ర. గస్తీవాడు రాత్రిపూట చేతికర్రతో నేల మీద కొడుతూ నిద్రపోతున్నవారిని హెచ్చరించినట్లు ఈ పత్రిక సంఘాన్ని హెచ్చరించేది. బాల్యవివాహాలను, కులాచారాల పేరిట జరిగే దురాచారాలను, గురువుల పేరిట సాగే అధికారాన్ని సూటిగా ప్రశ్నించేది. వితంతు వివాహం జరగాలని వ్రాసి ఊరుకోక తానే ఒక వితంతువును పెండ్లాడి కులం వారి ఆగ్రహానికి గురి అయ్యారు. ఇవన్నీ ఒక ఎత్తు, 'నర్మకోశం' అనే నిఘంటువు ఒక ఎత్తు. దాదాపు 25 వేల మాటల ఆ కోశాన్ని పన్నెండేళ్ళకు పైగా ఒంటిచేత్తో కూర్చి, అప్పులపాలై 1873లో అచ్చువేశారు. 1866లో ఆత్మకథ వ్రాశారు. గుజరాతీలో తొలి ఆత్మకథలలో అదొకటి. దానికి ఆయన తీయించినవి కొద్ది ప్రతులే, అవీ తనకు, ఆత్మీయులకు మాత్రమే. లోకానికి అది అందినది ఆయన శతజయంతి సంవత్సరమైన 1933లో.

ఇంతవరకు విన్నప్పుడు మాకు కలిగింది గౌరవం. మిత్రుడు తరువాత చెప్పిన విషయం మాత్రం మమ్మల్ని నిలవేసింది. రాజీనామా ఇచ్చిన ఇరవై నాలుగేళ్ళకు, 1882లో, నర్మద్ మళ్ళీ ఉద్యోగంలో చేరారు. బొంబాయిలో గోకుల్‌దాస్ తేజ్‌పాల్ ధర్మనిధికి కార్యదర్శి పని. అప్పులు అంతవరకు తెచ్చాయి. కలం తప్ప మరొకరి కొలువు చేయనన్న వ్రతం భంగమైనందుకు ఆయన ఎంతో కుమిలిపోయారని చెబుతారు. 1886 ఫిబ్రవరిలో ఆయన మరణించారు. అప్పటికి యాభై మూడవ ఏడు నడుస్తున్నది. మాకు ఇప్పుడు యాభై ఏడు.

ఆ ఇంటి మెట్లు దిగుతూ మేము ఏమీ మాట్లాడలేదు. కారణం పాఠకులకు చెప్పక తప్పదు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మేము కొంత పద్యం, కొంత వచనం వ్రాసేవాళ్ళం. రెండు మూడు చిన్న పత్రికలలో అచ్చయ్యాయి కూడా. ఉద్యోగపు ఉత్తరువు వచ్చిన రోజు మా నాన్నగారు ఆ నోటుపుస్తకం చేతిలోకి తీసుకొని, "ఇది మంచిదే నాయనా, కానీ కూడు పెట్టేది అది" అని ఉత్తరువును చూపించారు. ఆయన కోపంగా అనలేదు. మేము వాదించనూ లేదు. నోటుపుస్తకం ట్రంకు పెట్టె అడుగుకు చేరింది. ముప్పై ఏళ్ళకు పైగా, ఎవరు అడిగినా, "ఏం చేస్తామండీ, ఉద్యోగం మింగేసింది" అని చెబుతూ వచ్చాము. వ్రాయాలంటే ఉద్యోగం మానుకోవాలి, ఉద్యోగం చేయాలంటే వ్రాత మానుకోవాలి అన్నది మా లెక్క. నర్మద్ కథ విన్నప్పుడు మొదట ఆ లెక్క సరిపోయినట్లే తోచింది. ఉద్యోగం వదిలినవాడు ఇంత పని చేశాడు. అంతటివాడు కూడా చివరకు జీతం కోసం తల వంచవలసి వచ్చింది. మేము అసలు సాహసించకపోవడమే మేలయిందని లోపల కొంత ఊరట కూడా కలిగింది.

మా శ్రీమతి మాత్రం ఊరుకోలేదు. "మరి మన వీరేశలింగం పంతులు గారు ఉద్యోగం మానుకున్నారా?" అని అడిగింది. మేము రాజమండ్రి వాళ్ళమై ఉండి ఆ మాట ఆమె అడిగే వరకు తలచుకోకపోవడం సిగ్గుచేటే. కందుకూరి వారు ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూనే 1874లో 'వివేకవర్ధని' పత్రిక స్థాపించారు. 'డాండియో' వచ్చిన పదేళ్ళకు మన వైపున పట్టిన గస్తీకర్ర అది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. పాఠాలు చెబుతూనే నవల, నాటకం, ప్రహసనం, కవుల చరిత్ర, స్వీయచరిత్ర వ్రాశారు. నర్మద్‌కూ ఆయనకూ పదిహేనేళ్ళ అంతరం. ఒకరిది పడమటి తీరం, మరొకరిది తూర్పు తీరం. చేసిన పనులను చూస్తే అన్నదమ్ములే అనిపిస్తారు. మా శ్రీమతి ప్రశ్నకు ఆ వీథిలో మా వద్ద సమాధానం లేకపోయింది.

మరుసటి ఆదివారం మిత్రుడు మమ్మల్ని సోనీఫలియా వైపు తీసుకువెళ్ళారు. 'గుజరాత్‌మిత్ర' దినపత్రిక కార్యాలయం అక్కడ ఉన్నది. దీన్‌షా అర్దేశర్ తల్యార్‌ఖాన్ అనే పారశీకుడు 1863లో సూరత్‌లో ప్రారంభించిన పత్రిక ఇది. మన గిడుగు వారు పుట్టిన సంవత్సరం కూడా అదే. నూట అరవై ఏళ్ళు దాటినా ఆ పత్రిక ఇంకా వెలువడుతున్నది. పత్రికల విషయంలో సూరత్‌కు ఇంకొక గౌరవం కూడా ఉన్నది. 1822లో బొంబాయిలో 'ముంబయి సమాచార్' ప్రారంభించిన ఫర్దూన్‌జీ మర్జ్‌బాన్ ఈ సూరత్‌లో పుట్టినవారే. ఆసియాలో ఎడతెగక వెలువడుతున్న పత్రికలలో అత్యంత ప్రాచీనమైనదిగా దానిని చెబుతారు.

'గుజరాత్‌మిత్ర' సంపాదక విభాగంలో దశాబ్దాల పాటు పనిచేసిన వారు భగవతీకుమార్ శర్మ. 1934లో సూరత్‌లో పుట్టి 2018లో ఈ ఊరిలోనే కన్నుమూశారు. పత్రికలో పని అంటే ఏమిటో ఈ సంస్థలో షిఫ్టు డ్యూటీలు చేసిన మనకు వివరించనక్కరలేదు. గడియారంతో పోటీ, అర్ధరాత్రి వచ్చే వార్త, తెల్లవారేసరికి మళ్ళీ మొదలు. ఆ ఉద్యోగం చేస్తూనే శర్మగారు నవలలు, కథలు, గజళ్ళు, వ్యాసాలు వ్రాశారు. అంధత్వం ఒక కుటుంబాన్ని తరతరాలుగా వెంటాడడం ఇతివృత్తంగా వ్రాసిన 'అసూర్యలోక్' నవలకు 1988లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయనకు కూడా కంటిచూపు అంతంతమాత్రమేనట. ఆ కళ్ళతోనే పగలూ రాత్రీ అచ్చు ప్రతులు దిద్దారు.

"ఈయన చదువుకున్నవారు, పత్రికలో ఉన్నవారు. కవిత్వం అబ్బడంలో వింత లేదు కదా" అన్నాము. మిత్రుడు ఈసారి గట్టిగా నవ్వి, గనీ దహీవాలా గారి కథ చెప్పారు. గనీ భాయ్ సూరత్‌లో దర్జీ. 1908లో పుట్టారు. బడి చదువు ప్రాథమిక తరగతులతో ముగిసింది. కుట్టు దుకాణం పెట్టుకొని బట్టలు కుడుతూనే గజళ్ళు అల్లారు. 1953లో తొలి సంపుటి వెలువడింది. ఆయన గజల్ ఒకటి మహమ్మద్ రఫీ గొంతులో గుజరాత్ అంతటా మారుమ్రోగింది. 1987లో మరణించే నాటికి గుజరాతీ గజల్ అంటే ముందుగా తలచుకునే పేర్లలో ఆయనది ఒకటయింది. ఫారసీ నుండి ఉర్దూకు, ఉర్దూ నుండి గుజరాతీకి వచ్చిన ఆ ప్రక్రియకు ఈ రేవుపట్నం పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లు అయింది. కొలత సరిచూసి, గుడ్డ కత్తిరించి, కుట్లు పైకి కనబడకుండా కుట్టేవానికి రెండేసి పాదాలుగా నడిచే గజల్ లొంగడంలో ఆశ్చర్యం లేదేమో.

ఆయన తోటివారు రతిలాల్ 'అనిల్'. 1919లో ఈ ఊరిలోనే పుట్టారు. చిన్నతనంలోనే బడి మాని జరీ పనిలో కుదిరారు. సూరత్ జరీ మన ఇళ్ళలోని పట్టుచీరల అంచులలో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. ఆ తీగ లాగిన చేతులలో ఒక జత తరువాత గజళ్ళు, వ్యాసాలు వ్రాసి, పత్రికలు నడిపి, 2006లో 'ఆటానో సూరజ్' వ్యాససంపుటికి సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నది. ఆటానో సూరజ్ అంటే పిండితో చేసిన సూర్యుడు. రొట్టెను అంతకన్నా గౌరవంగా ఎవరు పిలువగలరు? ఆయన 2013లో, తొంభై నాలుగేళ్ళ వయస్సులో మరణించారు. ఇదే ఊరిలో కళాశాల ఆచార్యులైన విష్ణుప్రసాద్ త్రివేది, జయంత్ పాఠక్ గార్లకూ వరుసగా 1962, 1980లలో అకాడమీ పురస్కారాలు వచ్చాయి. ఆచార్యులు, దర్జీ, జరీ పనివాడు, పత్రికా ఉద్యోగి ఒకే కాలంలో, ఒకే ఊరిలో వ్రాస్తూ ఉండేవారు. కవిసభలలో దర్జీ పాడితే ఆచార్యులు శిరఃకంపం చేసేవారని మిత్రుడు చెప్పినప్పుడు, ఆ ఊరి సాహిత్యానికి బలం ఎక్కడినుండి వచ్చిందో అర్థమయింది. వీరిలో ఎవరూ కొలువు వదలలేదు. మా లెక్కలో తప్పు ఎక్కడున్నదో ఆ రోజే తెలిసింది. తెలిసినా ఒప్పుకోవడానికి మనస్సు రాలేదు. పెద్దల సంగతి వేరులే అని సరిపెట్టుకున్నాము.

మూడవరోజు మన తెలుగువారిని చూడటానికి వెళ్ళాము. సూరత్‌లో లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో తెలంగాణ జిల్లాల నుండి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా నివసిస్తున్నాయి. మరమగ్గాలే వారి బ్రతుకుతెరువు. నగరపాలక సంస్థ వారి ప్రాథమిక పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమంలోనూ నడుస్తున్నాయని విని సంతోషించాము. లింబాయత్ సందులలోకి అడుగు పెట్టగానే మరమగ్గాల చప్పుడు చెవులను కప్పివేస్తుంది. కంప్రెసర్ల మధ్య ముప్పై ఏళ్ళు గడిపిన మాకే అది ఎక్కువనిపించింది. ఆ చప్పుడు మధ్య ఒక టీ దుకాణం ముందు తెలుగు మాట వినబడి ఆగాము. డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు బల్ల మీద కూర్చొని ఉన్నారు.

"ఏ ఊరు సారూ మీది?" అని అడిగారు.

"రాజమండ్రి, పెద్దాయనా."

"గోదారి ఒడ్డోళ్ళన్నట్టు. మాది సిరిసిల్ల దిక్కు, మానేరు ఒడ్డు. మానేరు గూడ ఆఖరికి గోదారిలనే గలుస్తది. దగ్గరోళ్ళమే."

ఇంటికి రమ్మని బలవంతం చేశారు. నలభై అయిదేళ్ళ క్రితం వచ్చారట. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. సిరిసిల్లలోనూ ఆ మాటే కాబట్టి వచ్చిన రోజు ఆ ఒక్క మాట తప్ప మరేదీ అర్థం కాలేదని నవ్వారు. మాటల మీద మాటగా మేము నర్మద్ ఇల్లు చూసిన సంగతి చెప్పాము. ఆయన ఒక క్షణం ఆగి, లోపలికి వెళ్ళి, పాత లెక్కల పుస్తకాలు నాలుగు తెచ్చి మా ముందు పెట్టారు. ముందు పేజీలలో మీటర్ల లెక్కలు, కూలి లెక్కలు. వెనుకనుండి తిరగేస్తే తెలుగు పాటలు, పద్యాలు.

"డ్యూటీలో ఎట్లా వ్రాసేవారు?" అని అడిగాము.

"సాంచ నడుస్తుంటె పక్కోని మాట గూడ ఇనబడది సారూ. గందుకే లోపల లోపలనే కట్టుకునేది. పోగు తెగితె సాంచ ఆపుతం గదా, గప్పుడు రెండు ముక్కలు గీకి పెట్టుకునేది. పన్నెండు గంటల డ్యూటిల పోగులు మస్తుగ తెగుతయి."

ఒక పుట చదవమన్నారు. మేము పైకి చదవడం మొదలుపెట్టాము. ఊరు విడిచి వచ్చిన రోజును గురించిన పాట అది. మానేరు ఇసుకలో తల్లి కొంతదూరం వెంట నడిచి రావడం, మూటలో కట్టిన జొన్నరొట్టె, కాజీపేటలో రైలు ఎక్కినప్పటి భయం. చివరి చరణంలో తాపీ నదిని మానేరుకు అక్కగా చెప్పి, తల్లి దగ్గరినుండి అక్క దగ్గరికి వచ్చానని ముగించారు. మధ్యలో రెండు మూడుచోట్ల ఆగిపోయాము. కండె, నాడె తెలుసు గాని, భీము నిండడం, ఆసామి లెక్క వంటి మాటలు మాకు కొత్త. ఆయన విడమరచి చెప్పారు. దారపు పడుగు చుట్టిన పెద్ద ఇరుసు భీము. సేటు వద్ద నూలు తెచ్చుకొని సాంచాలు నడిపించే చిన్న యజమాని ఆసామి. వయస్సులోనూ చదువులోనూ మాకు కలిగిన సందేహాలను ఆయన తీర్చిన తీరు చూస్తే, ఒక్క మాట కూడా పొరపాటున వేసినవారు కారని తెలిసింది.

చదవడం అయ్యాక చాలాసేపు ఆయన మాట్లాడలేదు. తరువాత అన్నారు: "మా ముసల్ది పొయ్యి ఎనిమిదేండ్లాయె సారూ. దానికి సదివి ఇనిపిస్తుంటి. నేను రాసింది ఇంకొకలు సదువంగ ఇనుడు ఇదే మొదలు."

"మీ పిల్లలు చదవరా?" అని మా శ్రీమతి అడిగింది.

"కొడుకు గీడి తెలుగు బడిలనే సదివిండమ్మా, సదువస్తది. వానికి తీరిక ఏడిది? డ్యూటి మీద డ్యూటి. మన్మడు ఇంగ్లీషు బడికి పోతడు. మాట్లాడ్తడు గని అచ్చరం రాదు."

తీరిక ఏదీ అన్న మాట వినగానే మా శ్రీమతి మా వైపు చూసింది. మేము లెక్కల పుస్తకం వైపు చూస్తూ ఉండిపోయాము. ఆ కొడుకును తప్పు పట్టే అర్హత మాకు లేదు. పన్నెండు గంటలు నిలబడి సాంచాలు కాసి వచ్చినవానికి కళ్ళు మూతలు పడతాయి. మా ఉద్యోగం అంత కష్టమైనదీ కాదు. మాకు కుర్చీ ఉన్నది, దీపం ఉన్నది, సెలవులు ఉన్నాయి. మాకు లేనిది ఆ పోగు తెగిన నాలుగు నిమిషాలను వాడుకోవాలన్న పట్టుదల. ఇంకొక విషయం కూడా అప్పుడే తట్టింది. వ్రాయకపోవడం ఒక్కటే మా తప్పు కాదు. మా అబ్బాయిని ఊరూరా బదిలీల పేరుతో తెలుగుకు దూరంగానే పెంచాము. ట్రంకు పెట్టెలోని నోటుపుస్తకం రేపు వాడి చేతికి వచ్చినా వాడికి అక్షరం రాదు.

వెళ్ళేముందు ఆయన అనుమతితో ఆ పుటలను ఫోనులో ఫోటోలు తీసుకున్నాము. ఒక పుస్తకం తీసుకువెళ్ళమని ఆయన అన్నా మేము ఒప్పుకోలేదు. వారానికి ఒక్క పుట చొప్పున మనుమడికి చదివి వినిపించమని, వినేటప్పుడు వేలు పెట్టి అక్షరం చూపించమని మా శ్రీమతి చెప్పింది. ఆయన తలూపారు. చేస్తారో లేదో మాకు తెలియదు.

తిరుగు ప్రయాణంలో భుసావల్ దాటిన తరువాత మాకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు గుర్తుకు వచ్చారు. మన తెలుగు పత్రికారంగానికి మూలస్తంభమైన 'ఆంధ్రపత్రిక' మొదట 1908లో వారపత్రికగా వెలువడింది పడమటి తీరంలోని బొంబాయిలోనే. మద్రాసుకు తరలి దినపత్రిక అయినది 1914లో. దానికి వెనుకనున్న ధనం అమృతాంజనం అమ్మగా వచ్చినది. తలనొప్పి మందు వ్యాపారం పంతులుగారి కలాన్ని ఆపలేదు, నడిపించింది. కడుపు నింపే పని కలానికి శత్రువన్న మా సిద్ధాంతానికి అంతటితో నీళ్ళు వదిలాము. నర్మద్ మీద గౌరవం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. ఆయన వదులుకున్నది ఉద్యోగం. మేము వదులుకున్నది కలం. ఆయన త్యాగం చేశారు, మేము దానిని సాకుగా చూపించుకున్నాము.

ఇల్లు చేరిన తరువాత ట్రంకు పెట్టె తెరిచాము. నోటుపుస్తకంలో వ్రాసినవి ఇరవై రెండు పుటలు. మిగిలినవన్నీ తెల్లగానే ఉన్నాయి, అంచులు మాత్రం పసుపు పచ్చబారాయి. పద్యాలు ఇప్పుడు చదివితే గొప్పగా ఏమీ లేవు. రెండు చోట్ల యతి తప్పింది కూడా. ఇరవై మూడవ పుటలో ఈ వ్యాసం మొదలుపెట్టాము. రోజూ భోజన విరామంలో పావుగంట చొప్పున వ్రాస్తే నెల రోజులలో పూర్తయింది. ఈ సంచిక అచ్చయిన తరువాత రెండు ప్రతులు లింబాయత్‌కు పంపుతాము. ఒకటి పెద్దాయనకు, ఒకటి ఆయన మనుమడికి. మూడవది మా అబ్బాయికి. వాడికి మేమే చదివి వినిపించవలసి ఉంటుంది. అక్షరాలు కూడా అప్పుడే మొదలుపెట్టాలని మా ఇంట తీర్మానమయింది.

హజీరా వైపు డ్యూటీ మీద వెళ్ళే సహోద్యోగులకు ఒక విన్నపం. హజీరా నుండి సూరత్ పాత నగరం పాతిక ముప్పై కిలోమీటర్ల దూరమే. చీరలు కొనండి, లోచో, ఘారీ తినండి, శీతకాలమైతే ఉంధియూ వదలకండి. ఒక పూట మాత్రం గోపీపురా ఆమ్లీరాన్ వీథికి, ఘోడ్‌దోడ్ రోడ్డులోని నర్మద్ గ్రంథాలయానికి కేటాయించండి. మరొక పూట లింబాయత్‌లో మన భాష వినబడే చోట ఆగండి. ఎవరి ఇంట్లోనైనా లెక్కల పుస్తకం వెనుక పుటలలో ఏమైనా వ్రాసి ఉంటే కూర్చొని పైకి చదవండి.

మిత్రుల జాబితాలలో చీరలు, జరీ అంచులు, మిఠాయిలు అన్నీ తెచ్చి అందజేశాము. సంపాదకవర్గం వారి కాగితానికి మా సమాధానం ఇదిగో.